తెరమీది పాఠము, ఎదుటి గురువు



బడి పాఠము ఎదురుగా కూర్చొని చెప్పాలా, ఫోను ద్వారా చెప్పాలా అని చాలామంది అడుగుతున్నారు. రెండూ కలిపి చెప్పాలని మా మనవి.

ఇది బొత్తిగా కొత్త మాట కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయము పూట బడి పిల్లల కార్యక్రమాలు వచ్చేవి. పిల్లలు ఒకచోట చేరి చూసేవారు.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఆ కూడిక లేకపోయింది. జూన్‌లో దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పాఠాలు మొదలయ్యాయి. ఫోన్లలోనూ పాఠాలు వచ్చాయి. అయితే మా ఇళ్లలో చాలావాటికి ఉన్నది ఒక్క ఫోను. అది తండ్రితో సున్నపు బట్టీకో, తల్లితో పత్తి చేనుకో వెళ్లేది.

ఫోను దొరికినప్పుడు పిల్లలు శ్రద్ధగానే చూశారు. తెర పాఠము చెప్పింది గాని, బిడ్డకు అర్థము కాలేదని గమనించలేదు. ఎక్కాలు నేర్వవలసిన ఏడు అలా గడిచిపోయినవారు పై తరగతిలో భాగహారము దగ్గర తెల్లముఖము వేశారు. తప్పు మాలోనూ ఉన్నది. ఆదివారపు ఆరాధన ఫోనులో వినడానికి ఏర్పాట్లు చేసుకున్నాము. పక్కింటి బిడ్డ పాఠము సంగతి అడగలేదు.

అలాగని తెరను తోసివేయము. అది ఒక పాఠమును పదిసార్లయినా విసుగు లేకుండా చెప్పగలదు. మిరప కోతలకు తల్లిదండ్రుల వెంట వెళ్లిన బిడ్డకు తప్పిన పాఠము మళ్లీ చూపగలదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు కూడా అందాయి. కాని ముఖము చూసి, "ఎక్కడ ఆగిపోయావమ్మా?" అని అడిగేది గురువే. కాబట్టి వినడము తెరవద్ద జరిగినా, లెక్క చేయడము, సందేహము అడగడము గురువు ఎదుట జరగాలి.

అపొస్తలుడైన పౌలు దూరపు సంఘాలకు పత్రికలు వ్రాశాడు. వారిని కన్నులారా చూడాలనీ ఆశపడ్డాడు. ఉత్తరమూ కావాలి, మనిషి రాకా కావాలి.

ఈ శతవార్షికోత్సవ జ్ఞాపకముగా ప్రతి సంఘము వారానికి రెండు సాయంకాలాలు గుడి వసారాలో పిల్లలకు దీపము పెట్టాలి. ఫోను ఉన్నవారు తేవాలి. చదువుకున్న యౌవనస్థులు పక్కన కూర్చోవాలి. ఏ కులము, ఏ మతము అని అడగక పిల్లలందరినీ పిలవాలి. ప్రభువు ఈ చిన్న ప్రయత్నమును దీవించును గాక. ఆమేన్.