దడ మొదలైన వేళ రాసిపెట్టుకోండి
(దాచేపల్లిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇన్వర్డ్ రిజిస్టరు రాశాను. ఏ కాగితం ఏ తేదీన వచ్చిందో అడిగిన వెంటనే చెప్పేవాణ్ణి. కాని నా గుండె లయ తప్పిన వేళను మాత్రం రాసుకోలేదు. ఆ సంగతి చెప్పడానికే లేచాను.

నిరుడు కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఛాతీలో దడ మొదలైంది. ఎండ తగిలిందనుకుని మజ్జిగ తాగి పడుకున్నాను. మూడోనాడో నాలుగోనాడో మావాడు నరసరావుపేట తీసుకువెళ్లాడు. ఇసిజి తీసి, ఇది ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అన్నారు డాక్టరుగారు. గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతాయి. నాడికి వరుస ఉండదు. ‘‘ఎప్పుడు మొదలైంది?’’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకు కారణం ఉంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. లయ కుదిరినప్పుడు ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతమే. అందుకే కొత్తగా వచ్చిన దడను వెంటనే మందుతో సరిచేయడానికి 48 గంటల గడువు పాటించేవారు. 2024లో యూరప్ గుండె వైద్యుల సంఘం దాన్ని 24 గంటలకు తగ్గించింది. గడువు దాటినా, వేళ తెలియకపోయినా, ముందు కనీసం మూడు వారాలు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాలి. లేదా గొంతులోంచి గొట్టం దింపి ఎకో పరీక్షలో గడ్డ లేదని తేల్చుకోవాలి. నేను మూడు వారాలు ఆగి, తరువాత అమియోడరోన్‌తో దారికి వచ్చాను.

ఈ వైద్యం మనమెరిగిన చలిజ్వరం మందుతోనే మొదలైంది. 1912లో ఒక డచ్చి వర్తకుడు వెంకెబాక్ అనే వైద్యుడితో ‘రేపు నాడి సరిచేసుకుని వస్తాను’ అని చెప్పి, క్వినైన్ వేసుకుని అన్నట్టే వచ్చాడట. 1918లో దాని తోడిమందు క్వినిడిన్ ఇంకా బాగా పనిచేస్తుందని తేలింది. కాని అదే కొందరికి ప్రాణాంతకమైన లయ తెచ్చిపెట్టడంతో క్రమంగా వెనకబడింది. నేటి మందులకూ జాగ్రత్త కావాలి. ఫ్లెకెనైడ్, ప్రొపఫినోన్ గుండెలో వేరే జబ్బు లేనివారికే. గుండె బలహీనంగా ఉంటే అమియోడరోన్ ఇస్తారు. కనుక పక్కింటివారి మాత్ర మింగవద్దు.

చాలామందికి రెండు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది కూడా. ఆగాలా, మందు ఇవ్వాలా అన్నది డాక్టరు తేల్చాలి, మనం కాదు.

నా మనవి నాలుగే మాటలు. దడ మొదలైతే గడియారం చూసి వేళ రాయండి. అదే రోజు ఇసిజి తీయించుకోండి. ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే 108కి ఫోన్ చేయండి. లయ కుదిరిందని, డాక్టరు చెప్పకుండా, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఆపకండి.

సెలవు.