వలస డేగల లెక్క - రైతుకు దానితో పనియేమి?

(రైతుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



సేద్యము చెప్పువానికి డేగలతో పనియేమి అని మీలో కొందరు అనుకొనవచ్చును. సేద్యములో మనము దేనినైనను లెక్కించియే నమ్ముదుము. దుబ్బుకు ఎన్ని పిలకలు వచ్చినవో, ఎన్ని దోమలు పట్టినవో చూచిన తరువాతనే ఎరువు మాట, మందు మాట. ఆకాశమున పోవు డేగలను కూడ ఇట్లే లెక్కించువారు కలరు. పొలాలలో చల్లిన మందు చేయుచున్న చెరుపును వారి లెక్క ఒకప్పుడు బయటపెట్టినది. ఆ సంగతియు, మన బీళ్లకు ఏటేట వచ్చు పిల్లి గద్దల సంగతియు నేడు మనవి చేయుదును.

కొండమీద లెక్క

ఉత్తర దేశాలలో చలి ముదిరినప్పుడు పురుగులు, కప్పలు, పాములు నేలలో దాగును. తిండి దొరకని డేగలు దక్షిణమునకు బయలుదేరును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో కిటటిన్నీ అను పొడవైన కొండవరుస ఉన్నది. వాయవ్యపు గాలి ఆ కొండకు తగిలి పైకి లేచును. డేగలు ఆ గాలిమీద, రెక్క ఆడించు శ్రమ లేకుండ, కొండ వెంబడి సాగిపోవును.

ఒకప్పుడు వేటగాండ్రు ఆ కొండపై కూర్చుండి వాటిని వందల కొలదిగా కాల్చెడివారు. కోళ్లను ఎత్తుకొనిపోవు పక్షి చచ్చిననేమి అని ఆనాటి రైతులును అనుకొనిరి. 1929లో గోషాక్ అను డేగను చంపినవారికి 5 డాలర్ల బహుమానమును ఆ రాష్ట్రమే ప్రకటించినది. 1934లో రోజలీ ఎడ్జ్ అను నామె ఆ కొండపై సుమారు 1,400 ఎకరాలు కౌలుకు తీసికొని, మారిస్ బ్రౌన్ అను నతనిని కాపలా ఉంచినది. తుపాకులు ఆగినవి. బ్రౌన్ కొండపై ఊరక కూర్చుండక, పోవుచున్న డేగలను జాతివారీగా వ్రాసికొనసాగెను. హాక్ మౌంటెన్ అను ఆ చోట, యుద్ధకాలములో 1943 నుండి 1945 వరకు తప్ప, ఆ లెక్క నేటికిని సాగుచున్నది. ఆగస్టు నడుమ మొదలై డిసెంబరు నడుమ ముగియును.

గుంపుగా తిరుగు డేగలను లెక్కించుట ఎట్లు? ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచు చోట అవి సుడులు తిరుగుచు ఎత్తునకు పోవును. అప్పుడు లెక్కింపరు. పైకి చేరి, ఒకదాని వెనుక ఒకటి బారుగా జారిపోవునప్పుడు లెక్కింతురు. దొడ్డి వాకిట గొర్రెలను ఒక్కొక్కదానిని వదలి లెక్కించునట్లే.

దూడలు లేని మంద

బ్రౌన్ మొత్తము సంఖ్యతో తృప్తిపడలేదు. తెల్లతల గద్దలలో పెద్దవానిని, పిల్లలను వేరుగా వ్రాసెను. తల తెల్లబడుటకు ఐదేండ్లు పట్టును. అంతవరకు పిల్ల గద్ద నల్లగానే ఉండును కనుక దూరము నుండి గుర్తింపవచ్చును. 1935-39 మధ్య కనబడిన తెల్లతల గద్దలలో నూటికి 40 పిల్లలు. 1955-59 మధ్య నూటికి 20 మాత్రమే. 1957లో 32 పెద్ద గద్దలకు ఒక్క పిల్ల కనబడినది.

గద్ద దీర్ఘాయువు గల పక్షి. పిల్లలు పుట్టకపోయినను పెద్దవి ఏటేట కనబడుచునే ఉండును. దొడ్డినిండ ఆవులున్నవి గదా అని దూడల సంగతి చూడని యింటిలో పాడి ఎన్నాళ్లు సాగును? మొత్తము లెక్క దాచిపెట్టు నష్టమును ఈడువారీ లెక్క ముందే చెప్పును. తుపాకులు ఆగిన తరువాత కూడ పిల్లలు తగ్గినవి కనుక, కారణము వేరొకటి ఉండవలెను.

ఆ కారణము డి.డి.టి. 1945 తరువాత ఆ మందును పొలాలలోను, చిత్తడి నేలలలోను విస్తారముగా చల్లిరి. అది త్వరగా నశింపదు, క్రొవ్వులో నిలువ ఉండును. వాననీటితో చెరువు చేరి, సూక్ష్మజీవులలోనికి, వానిని తిన్న చేపలలోనికి, చేపలను తిన్న గద్దలోనికి పోయి, ఒక్కొక్క మెట్టుకు సాంద్రత పెరుగును. దానివలన గ్రుడ్డు పెంకు పలుచబడి, పొదుగుచున్న తల్లి బరువుకే పగులును. బ్రౌన్ లెక్కలను రేచల్ కార్సన్ 1962లో తన గ్రంథములో ఉదహరించెను. పెంకులు పలుచబడిన సంగతిని బ్రిటనులో డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో నిరూపించెను. అమెరికాలో డి.డి.టి.ని 1972లో నిషేధించిరి. అలాస్కా, హవాయి తప్ప తక్కిన రాష్ట్రాలలో 1963లో తెలిసిన తెల్లతల గద్దల జంటలు 417. 2007 నాటికి అవి సుమారు 9,800 అయినవి. మన దేశములో వ్యవసాయమునకు డి.డి.టి. వాడుకను 1989లో నిషేధించిరి.

మిడతలకు చల్లిన మందు

మీకు బాగుగా తెలిసిన మోనోక్రోటోఫాస్ కథ కూడ వినుడు. స్వెయిన్‌సన్ డేగ ఉత్తర అమెరికాలో పిల్లలను చేసి, శరత్కాలములో అర్జెంటీనా పొలాలకు పోవును. అక్కడ దాని తిండి మిడతలు. 1995-96లో మిడతలపై ఈ మందు చల్లిన పొలాలలో ఐదు వేలకు పైగా డేగలు చచ్చిపడియుండగా చూచిరి. మిడతలను ఊరక ఏరిపెట్టు కూలీలను రైతే చంపుకొన్నట్లైనది. తరువాత అర్జెంటీనా ఆ మందును నిషేధించినది.

మన పిల్లి గద్దలు

మన నేలకు వచ్చు పిల్లి గద్దలు కూడ ఇట్టివే. మధ్య ఆసియాలోని కజకస్తాన్ వంటి దేశాల గడ్డిమైదానాలలో పిల్లలను చేసి, చలికాలమునకు ముందు మన బీళ్లకు, చేలకు చేరును. వేసవి రాగానే మరలిపోవును. చేనిపై తక్కువ ఎత్తున, రెక్కలు పైకెత్తి, తేలుచు వెదకును. మిడతలు, ఎలుకలు, తొండలు, చిన్న పిట్టలు దాని ఆహారము. రాత్రి చెట్టుపై కాక గడ్డిలో నేలపైననే గుంపుగా పండుకొనును. కావున దానికి బీడు కావలెను. బట్టమేక పక్షికై 1988లో ఏర్పరచిన రోళ్లపాడు అభయారణ్యము, నేటి నంద్యాల జిల్లాలోనిది, ఒకప్పుడు వీనికి పెద్ద విడిది. అక్కడ 1980లలో వందల కొలదిగా పండుకొనెడివి. తరువాతి లెక్కలలో ఆ సంఖ్య మిక్కిలి పడిపోయినది. ఎప్పుడో లెక్కించి వ్రాసినవారు ఉండబట్టియే ఈ తగ్గుదల తెలిసినది.

మీరు చేయదగినవి

1. మీ ఊరి బీడులో పిల్లి గద్దలు పండుకొనుచున్నచో, అక్టోబరు నుండి వారమునకు ఒక దినము, ఒకే చోట నిలిచి లెక్కించుడు. సూర్యాస్తమయమునకు అరగంట ముందు మొదలుపెట్టి, చీకటి పడువరకు దిగుచున్నవానిని ఎంచుడు. నూరు గజాలకు దగ్గరకు పోరాదు.

2. తేదీ, వేళ, సంఖ్య వ్రాయుడు. బూడిద రంగువి ఈడువచ్చిన మగవి. ఆడవి, పిల్లలు గోధుమవన్నెలో ఉండును. ఈ రెండు రంగులను వేరువేరుగా వ్రాయుడు.

3. ఒక్కటియు రానిరోజున సున్న వ్రాయుడు. సున్న కూడ లెక్కయే. వచ్చిన రోజులే వ్రాసిన పుస్తకము తగ్గుదలను చూపజాలదు.

4. అవి పండుకొను గడ్డిని ఆ నెలలలో కాల్చరాదు, దున్నరాదు.

5. పురుగు నష్టపరిమితి దాటనిదే మందు చల్లరాదు. మందు తిని చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చవలెను. లేనిచో ఆ విషము గద్దకు, గుడ్లగూబకు, కుక్కకు చేరును.

6. చచ్చిన గద్ద కనబడినచో ఉత్తచేతితో ముట్టక, అటవీశాఖ వారికి తెలుపుడు. దగ్గర చేలలో చల్లిన మందు పేరును, చల్లిన తేదీని కూడ చెప్పుడు.

ఒక సంవత్సరపు లెక్కతో ఏమియు తేలదు. గాలివాటము, వానలు సంఖ్యను మార్చును. పది సంవత్సరాలు ఒకే పద్ధతిని సాగిన లెక్క మాత్రము గట్టి సాక్ష్యము. జమాఖర్చు పుస్తకములో వెనుక నాలుగు పేజీలు ఇందులకు చాలును. మీరు విసుగు చెందినచో బడికి పోవు పిల్లవానికి అప్పగించుడు. పెన్సిల్వేనియా కొండపై మొదలుపెట్టినవాడు కూడ ఒక్కడే.