గుండె కొట్టుకుంటున్నా మరణమేనా?

ఐసీయూలో మనిషి ఒళ్లు వెచ్చగా ఉంది, ఛాతీ లేచి పడుతోంది. డాక్టరు మాత్రం ప్రాణం పోయిందంటారు. నమ్మేదెలా?

ఈ చిక్కు వెంటిలేటర్ తెచ్చిపెట్టిందే. మెదడు తిరిగి కోలుకోలేనంతగా ఆగిపోతే దాన్ని మరణంగానే లెక్కించాలని 1968లో హార్వర్డ్ కమిటీ ప్రతిపాదించింది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దీన్ని ఒప్పుకుంది. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. కంటిపాప మీద టార్చి వేస్తారు. చెవిలో చల్లటి నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. చివరికి, ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ తప్పిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఊపిరి తనంతట తాను రాకపోతే, మెదడు పోయినట్టే.

తిరకాసు ఇక్కడుంది. ఆ నిర్వచనం ఉన్నది అవయవదానం కోసం చేసిన చట్టంలో. ఇంట్లోవాళ్లు దానానికి ఒప్పుకోకపోతే, అదే మనిషికి వెంటిలేటర్ తీయడానికి డాక్టర్లు జంకుతారు. మరణం కూడా సంతకాన్ని బట్టి ఉంటుందా? నాకైతే మింగుడుపడదు. దానంతో నిమిత్తం లేకుండా మెదడు మరణాన్ని మరణంగానే ప్రకటించేలా 2020లో కేరళ ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది.

అయితే అమెరికా న్యూరాలజిస్టు అలన్ ష్యూమన్ అసలు నిర్వచనాన్నే ప్రశ్నించారు. మెదడు ఆగిపోయాక కూడా కొన్ని శరీరాలు నెలల తరబడి గాయాలు మాన్పుకున్నాయని ఆయన చూపించారు.