శరదృతువు రంగులు – చేతి అల్లికలు

(యర్రగొండపాలెంలో జరిగిన పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో కరువు భత్యం, బకాయిలు, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు మన కార్యదర్శిగారు నాకంటె బాగా చెప్పగలరు. నేను మాత్రం మన ఇళ్ళలో ఆడవాళ్ళు కొక్కెం సూదితో అల్లే లేసును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. క్రోషే అంటారు దీన్నే.

ఆశ్వయుజ, కార్తీక మాసాలు ఇంట్లో ఊపిరి సలపని రోజులు. దసరాకు ముందు బూజు దులపడం, ఆ తర్వాత దీపావళి, నాగుల చవితి, కార్తీక సోమవారాలు, వ్రతాలు. సెలవులకు పిల్లలు వస్తారు. ఒక పొయ్యి మీద కజ్జికాయలు, ఇంకో పొయ్యి మీద కాఫీ. ఇంత సందడిలోనూ సాగే పని ఈ అల్లిక. సూది మీద ఉండేది ఒక్క మెలికే గనుక ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, మళ్ళీ అక్కడే అందుకోవచ్చు.

ఇక రంగుల మాట. పడమటి దేశాల వారికి శరత్కాలమంటే ఆకులు పండి రాలే కాలం. అందుకని అక్కడి అల్లికల పుస్తకాల్లో ఈ ఋతువుకు ఇటుక రంగు, గోధుమ రంగు చెబుతారు. మన నల్లమలలో ఆకు రాలేది శివరాత్రి రోజుల్లో. దసరా నాటికి వానలకు తడిసిన అడవి ముదురు పచ్చగా ఉంటుంది. తంగేడు పసుపు, బంతి నారింజ, పగిలిన పత్తికాయ తెలుపు, కార్తీకంలో కంది పూత. ఇవీ మన శరత్తు రంగులు. మా ఇంటావిడ మొన్నటి పండుగలకు బంతి రంగు, ఆకుపచ్చ దారాలతో గుమ్మానికి తోరణం, తెలుపు మీద పసుపు అంచుతో దేవుడి పీటకు గుడ్డ అల్లింది. చూసిన వారందరూ మెచ్చుకున్నారు. “ఊరికే కూర్చోలేక అల్లుకున్నారా?” అని కూడా అడిగారు. ఆ మాట గురించే నేను చెప్పదలచినది.

మన రాష్ట్రంలో ఈ విద్యకు పుట్టిల్లు నరసాపురం. 1844లో మెక్రే అనే స్కాట్లండు దంపతులు అక్కడి స్త్రీలకు దీన్ని నేర్పారని చెబుతారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుతో పోయి కరువు వస్తే, ఎన్నో కుటుంబాలు క్రోషే అల్లి పొట్టపోసుకున్నాయి. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల లేసు విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పేరైతే వచ్చింది గాని, అల్లిన చేతికి దక్కిందేమిటి? మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ ఊళ్ళకు వచ్చి చూసి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటిచాకిరీ చేస్తూనే గంటల తరబడి అల్లే ఆ స్త్రీలను శ్రామికులుగా ఎవరూ లెక్కించలేదనీ, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులనే ముద్ర వేసి అతి తక్కువ కూలి ఇచ్చారనీ ఆమె తేల్చారు.

అదే 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను యజమాని దయాభిక్ష కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అన్నది. ఆ తీర్పు రోజునే మనం ఈ పండుగ చేసుకుంటున్నాం. మన చాకిరీకి ఆ గౌరవం కోరిన మనం, ఇంట్లో చాకిరీని కాలక్షేపమంటే న్యాయమేనా?

గుమాస్తా అలవాటు పోలేదు గనుక, తోరణానికీ, పీట గుడ్డకూ పట్టిన కాలాన్ని ఒక నోటుబుక్కులో హాజరు పట్టీలా రాశాను. మొత్తం 46 గంటలు తేలింది. రోజుకు 8 గంటల చొప్పున ఆరు పనిదినాలకు రెండు గంటలు మాత్రమే తక్కువ. అదీ వంట, వచ్చేపోయేవారి మర్యాదలు చూసుకోగా మిగిలిన వేళల్లో!

కనుక సభ వారికి మూడు మనవులు. ఒకటి, పండుగ నెలల్లో బజారు పని, కూరలు తరగడం, బూజు దులపడం మన వంతు చేసుకుందాం. ఆడవారికి పగటి వెలుతురులో ఒక గంట మిగలాలి. రాత్రి దీపం కింద సన్న దారం పని కళ్ళకు శ్రమ. రెండు, “మాకూ ఒకటి అల్లి పెట్టమ్మా” అని ఊరికే అడగవద్దు. దారం ఖరీదు, పనివేళ లెక్కగట్టి ఇవ్వాలి. మూడు, వచ్చే ఏడు ఈ సభలోనే ఒక బల్ల వేసి మన సభ్యుల ఇళ్ళలోని అల్లికలు పెడదాం. ప్రతి దానిమీదా అల్లిన వారి పేరు, పట్టిన గంటలు, వెల రాసి ఉండాలి. సభ్యుని పేరు కాదు సుమండీ, అల్లిన వారి పేరు.

మనవలకూ, మనవరాళ్ళకూ ఈ విద్య నేర్పించండి. మగపిల్లలు నేర్చుకుంటే తప్పేమీ లేదు. దారం ఉండ చుట్టడం దాకా నేనూ నేర్చాను. మిగతాది వచ్చే శరత్తుకు చూద్దాం.