బ్యారేజీని గుద్దిన పడవ: మొమెంటం ఫార్ములా ఎక్కడ వేయాలి?

"అన్నా, ఫార్ములా కరెక్ట్‌గానే వేస్తున్నా, ఆన్సర్ మాత్రం తప్పొస్తోంది" అనేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఇంటర్‌లో నాదీ ఇదే బాధ. రెండు వస్తువులు గుద్దుకుంటే చాలు, ముందూ వెనకా చూడకుండా ఫార్ములా వేసేసేవాణ్ణి.

2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, గుర్తుందా? అప్పుడు కొట్టుకొచ్చిన పెద్ద ఇనుప పడవలు మన ప్రకాశం బ్యారేజీని గుద్దాయి. 67, 69 గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. డెల్టా కాలువలన్నిటికీ నీళ్లిచ్చే బ్యారేజీ కదా, ఊరంతా కంగారుపడింది.

ఇప్పుడు లెక్క. అంకెలు నేను అనుకున్నవే, అసలు పడవలవి కావు. 40 టన్నుల పడవ సెకనుకి 3 మీటర్ల వేగంతో వస్తోంది. దారిలో ఆగి ఉన్న 20 టన్నుల పడవని గుద్ది, దానికి ఇరుక్కుపోయింది. ఆ రెండో పడవకి తాడు ఉంది గానీ వదులుగా ఉంది. గుద్దుకునే ఆ కాస్త టైంలో బయటి బలాల ప్రభావం చాలా తక్కువ. కాబట్టి రెండు పడవల మొత్తం ద్రవ్యవేగం మారదు. 40 ఇంటూ 3, అంటే 120. దాన్ని 60తో భాగిస్తే వేగం 2. తాడు బిగుతుగా ఉండుంటే? అది లాగుతుంది, ఈ లెక్క చెల్లదు. ఎగ్జామ్‌లో మెలిక పెట్టేది సరిగ్గా ఇక్కడే.

ఇంకోటి, గతిశక్తి మాత్రం అంతే ఉండదు. 180 కిలోజౌళ్లు కాస్తా 120 అయింది. మిగతా 60 ఇనుము వంగడానికి, చప్పుడుకి, వేడికి పోయింది.

తర్వాత ఆ జంట వెళ్లి బ్యారేజీ పిల్లర్‌ని గుద్ది ఆగిపోయింది. ఇప్పుడు పడవల ద్రవ్యవేగం సున్నా. నియమం తప్పిందా? లేదు. పిల్లర్ భూమిలో పాతుకుని ఉంది, అది పడవల మీద బయటి బలం వేసింది. భూమిని కూడా కలుపుకుంటే మొత్తం అంతే ఉంటుంది, కాకపోతే భూమి కదలిక మనకి కొలతకి అందదు. అందుకే ఇక్కడ ప్రచోదనం వాడాలి: బలం ఇంటూ కాలం. 1,20,000 యూనిట్ల ద్రవ్యవేగం అర సెకనులో ఆగితే సగటు బలం 2,40,000 న్యూటన్లు, అంటే సుమారు 24 టన్నుల బరువంత. వెనకనుంచి వరద తోసేది దీనికి అదనం. అదే 0.1 సెకనులో ఆగితే బలం ఐదు రెట్లు!

బోట్ల పక్కన పాత టైర్లు ఎందుకు వేలాడదీస్తారో ఇప్పుడు మీరే కామెంట్లో చెప్పండి.