వీల్‌చైర్ ఎక్కే వ్యాను: పిల్లల పరిశోధనలో నా అనుభవం
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించీ నాకంటే బాగా మాట్లాడగలవారు ఇప్పటికే మాట్లాడారు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన విషయం వేరు. మన ఊరి ఇంజనీరింగు కాలేజీ పిల్లలు అయిదుగురు, ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కింద ఒక పని ఎత్తుకున్నారు. నడవలేని పెద్దవాళ్ళనూ, వికలాంగులనూ ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికో, బ్యాంకుకో, పెళ్ళికో తీసుకువెళ్ళి మళ్ళీ ఇంటి దగ్గర దింపే వ్యాను ఒకటి మన సంఘంలాంటివాళ్ళు నడపాలంటే ఆ వ్యాను ఎలా ఉండాలి అన్నది వాళ్ళ ప్రశ్న. వికలాంగులు అన్నందుకు మన్నించాలి, ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. మా ఆఫీసులో మాట మారింది గాని మెట్లు మారలేదు. ఆ మెట్ల సంగతి తరవాత చెబుతాను.

కార్యదర్శిగారు ఆ పిల్లల్ని నా దగ్గరకు పంపడానికి రెండు కారణాలు. ఒకటి, నాకు తీరిక ఎక్కువ. రెండోది, మా ఇంట్లో వీల్‌చైర్ ఉంది. 2019లో మా ఆవిడకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు.

పిల్లలు మొదట ఒక ప్రశ్నాపత్రం తయారుచేసుకొచ్చారు. నెలకు ఎన్నిసార్లు బయటికి వెళతారు, ఎక్కడికి, ఏ వాహనంలో, ఎంత ఖర్చవుతుంది, ఇలా. నేను వాళ్ళవెంట మన సభ్యుల ఇళ్ళకు తిరిగాను. దాదాపు మూడు వారాలు. ప్రతి ఇంట్లో మజ్జిగో, కాఫీయో తాగి షుగరు పెంచుకున్నాను, అది వేరే విషయం. తిరిగిన ఇళ్ళలో సగానికి దగ్గర మంది ఒకే జవాబు చెప్పారు. "ఎక్కడికీ వెళ్ళను నాయనా, నాకు వ్యాను దేనికి?" మా ఆవిడా అదే చెప్పింది. పిల్లలు అలాగే రాసుకున్నారు. రిపోర్టు చిత్తుప్రతిలో తెలుగు దిద్దమని నాకిస్తే అందులో "వాహనం అవసరం తక్కువగా ఉన్నట్లు తేలింది" అని ఉంది. ఒక దీర్ఘం, రెండు ఒత్తులు సరిచేసి తిరిగి ఇచ్చేశాను. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు చేసినవాణ్ణి, ఆ వాక్యంలో తప్పేమిటో నాకు కనిపించలేదు.

కనిపించింది ఆ జట్టులోని ఒక అమ్మాయికి. రెండు రోజుల తరవాత ఒక్కతే వచ్చింది. "తాతగారూ, వీళ్ళు వెళ్ళక్కరలేక మానేశారా, వెళ్ళలేక మానేశారా? మనం అది అడగనేలేదు" అంది. ప్రశ్నాపత్రం వెనక కాగితం మీద కొత్త ప్రశ్న ఒకటి రాసుకొచ్చింది. గడిచిన అయిదేళ్ళలో మీరు ఎక్కడికి వెళదామనుకుని మానుకున్నారు? మా ఇంట్లోనే మొదలుపెడతానంది.

మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత నావైపు చూడకుండా ఆ పిల్లతోనే చెప్పింది. "మా చెల్లెలు పోయినప్పుడు." మా మరదలు పిఠాపురంలో ఉండేది. 2022లో పోయింది. ఆ రోజు నేనొక్కణ్ణే వెళ్ళాను. అక్కడ అడిగిన ప్రతివాళ్ళకూ "ఆవిడే రాలేనంది" అని చెప్పాను. నిజమే, అంది. ఎందుకందంటే, అంతకు కొన్ని నెలల ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి వీధిలో ఇద్దరు కుర్రాళ్ళను పిలిచి, చంకల కింద ఒకడు, కాళ్ళ దగ్గర ఒకడు పట్టుకుని బస్తాలాగా ఆటోలోకి ఎక్కించాం. పమిట జారింది. ఎదురింటివాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. సాయం చేసినవాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళ తప్పేమీ లేదు. కాని ఆ తరవాత ఎక్కడికి రమ్మన్నా "నేను రాను" అనేది. నేను దాన్ని ఇష్టం లేకపోవడం కిందే జమకట్టుకున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ మూడేళ్ళు అలాగే అనుకున్నాను.

ఆ కొత్త ప్రశ్న పట్టుకుని పిల్లలు మళ్ళీ అన్ని ఇళ్ళకూ తిరిగారు. ఈసారి జవాబులు వేరు. మనవడి ఉపనయనం. అన్నవరం. కంటి శుక్లం ఆపరేషను తరవాత చూపించుకోవడానికి రెండోసారి వెళ్ళకపోవడం. ఇల్లు అమ్మినప్పుడు చివరిసారి ఆ ఇల్లు చూడాలనుకోవడం. ఒకాయన, పేరు చెప్పను, మన సంఘ సమావేశం అన్నారు. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టుకు ఇప్పుడు ఇంట్లోనే సెల్‌ఫోనుకు ముఖం చూపిస్తే సరిపోతోంది, సంతోషమే. కాగితానికి ప్రయాణం తప్పింది. మనిషికి తప్పదు గదా.

ఇక వ్యాను సంగతి. నాకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఇది కాస్త విపులంగా చెబుతాను, విసుక్కోకండి.

మొదట చూసింది మన వీధుల్లో తిరిగే మామూలు చిన్న వ్యాను. నేల నుంచి దాని లోపలి నేల 24 అంగుళాలు వచ్చింది. వెనక తలుపు తీసి పలక వాల్చి వీల్‌చైర్‌ను నెడితే సరిపోతుంది గదా అనుకున్నాను. భవనాల ర్యాంపులకు మన దేశంలో చెప్పే వాలు ఒకటికి పన్నెండు. అంటే ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. 24 అంగుళాలకు 24 అడుగుల పలక కావాలి. మా వీధి వెడల్పే అంత లేదు. వాహనాలకు అమెరికా నిబంధనల్లో ఒకటికి నాలుగు దాకా ఒప్పుకుంటారట. అప్పుడు 8 అడుగులు చాలు. కాని నెట్టేవాడి సంగతి చూడాలి. మనిషి 70 కిలోలు, కుర్చీ 15 కిలోలు అనుకుంటే, ఆ వాలు మీద నెట్టడం ఇంచుమించు 20 కిలోల బరువు ఎత్తిపట్టుకున్నంత. ఒకటికి పన్నెండు వాలులో అదే 7 కిలోలు. నేను మా ఆవిణ్ణి 20 కిలోల లెక్కన పైకి నెడుతూ మధ్యలో ఆయాసం వచ్చి ఆగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకని చేత్తో తిప్పే విన్చి పెట్టి బెల్టుతో లాగుదామన్నాడు ఒక అబ్బాయి. బాగానే ఉంది.

కాని ఇంకో చిక్కు వచ్చింది. కుర్చీలో కూర్చున్న మా ఆవిడ తల నేలకు 50 అంగుళాల ఎత్తులో ఉంది. వ్యాను వెనక తలుపు ఖాళీ 47 అంగుళాలు. తల వంచుకుని దూరాలి. మెడ సరిగా నిలవని మనిషి ఎలా వంచుతుంది? అమెరికాలో చిన్న వాహనాలకు కూడా తలుపు ఎత్తు 56 అంగుళాలకు తగ్గకూడదని రాసుకున్నది ఇందుకే. సరే, పైకప్పు ఎత్తున్న పెద్ద వ్యాను చూశారు. దాని నేల 28 అంగుళాలు. అంటే పలక ఇంకా పొడవు. పైకప్పు బాగుంటే నేల బాగుండదు, నేల బాగుంటే పైకప్పు బాగుండదు. పెళ్ళి సంబంధాలు చూసినట్టే అయింది వాళ్ళ పని.

చివరికి పెద్ద వ్యానుకే వెనకవైపు లిఫ్టు అమర్చాలని తేల్చారు. లిఫ్టు పలక కనీసం 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉండాలి, 600 పౌన్లు, అంటే సుమారు 272 కిలోలు మొయ్యాలి. ఇదీ అక్కడి నిబంధనే. కరెంటు పోయినా, బ్యాటరీ దిగిపోయినా చేత్తో పంపు కొట్టి దింపగలిగేలా ఉండాలని పిల్లలు ప్రత్యేకంగా రాశారు. మనిషిని పైన పెట్టి లిఫ్టు ఆగిపోతే ఎంత ఘోరం! లోపల కుర్చీని ముందు రెండు, వెనక రెండు, నాలుగు బెల్టులతో నేలకు బిగించాలి. బెల్టు కుర్చీ చట్రానికి తగిలించాలి గాని చక్రానికి కాదు. మనిషికి వేరే బెల్టు. కుర్చీ బండి వెళ్ళే దిక్కుకు తిరిగి ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. బ్రేకు వేసినప్పుడు అడ్డంగా ఉన్న కుర్చీయే పక్కకు పడుతుంది.

మరి వీల్‌చైర్ లేని మనలాంటి మోకాళ్ళవాళ్ళ సంగతో? ఇది నేనే అడిగాను. పక్క తలుపు దగ్గర కిందికి ఇంకో మెట్టు, ఒక్కో మెట్టు 7 అంగుళాలకు మించకుండా, పట్టుకోవడానికి నిలువు కమ్మీ ఒకటి. నిజానికి మనలో ఎక్కువమందికి లిఫ్టు కంటే ఆ కమ్మీయే ఎక్కువ పనికొస్తుంది.

చట్టం ఏమంటుందో చూసే పని నాకిచ్చారు. 1995 నాటి వికలాంగుల చట్టం చదివాను. 44వ సెక్షనులో బస్సులూ, రైళ్ళూ వికలాంగులకు అనుకూలంగా మార్చాలని ఉంది. కాని ముందు ఒక ముక్క తగిలించారు, ఆర్థిక స్తోమతు పరిమితులకు లోబడి అని. ఆ ముక్క చూడగానే నాకు పాత స్నేహితుణ్ణి చూసినట్టయింది. ఎన్ని నోట్‌ఫైళ్ళలో రాసి ఉంటాను! 2016 చట్టం 41వ సెక్షను కొంత నయం, పాత వాహనాలు మార్చడం గురించీ, సొంత రాకపోకలకు సాయం గురించీ స్కీములు పెట్టమంది. అక్కడా "ఆర్థికంగా వీలైతే" ఉంది. మనకు పనికొచ్చేది 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ. 52వ సెక్షను కింద వాహనాన్ని వికలాంగులకు అనువుగా మార్పించుకుని, ఆ తరవాత రిజిస్టరింగు అధికారి ఆమోదం తీసుకోవచ్చు.  

అమెరికావాళ్ళకు ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చారనుకున్నాను. పిల్లలు ల్యాప్‌టాప్‌లో ఫొటోలు చూపించారు. 1978 జూలైలో డెన్వర్ నగరంలో 19 మంది వికలాంగులు నడిరోడ్డు మీద బస్సులకు అడ్డం పడ్డారు. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మెట్లు కుర్చీలు వదిలేసి పాక్కుంటూ ఎక్కారు, అందులో ఎనిమిదేళ్ళ పాప కూడా ఉంది. ఆ జూలైలో చట్టం వచ్చింది. మన పక్కనే చెన్నైలో 400 మిల్లీమీటర్ల ఎత్తు నేల ఉన్న బస్సులు 2024లో రోడ్డెక్కాయంటే, అదీ కోర్టులో ఏళ్ళ తరబడి నడిచిన పోరాటం తరవాతే.

ఇప్పుడు ఆ మెట్ల సంగతి. వ్యాను ఎక్కించడమే కాదు, దిగేచోట ఏముందో కూడా కొలవాలని పిల్లలు బ్యాంకు, ఆసుపత్రి, కల్యాణ మండపం, ఆఫీసులు తిరిగారు. నేను పనిచేసిన ఆఫీసుకూ వెళ్ళాం. ఏడు మెట్లు. టేపు పెట్టి చూస్తే మొత్తం 42 అంగుళాలు. ర్యాంపు కట్టాలంటే ఒకటికి పన్నెండు లెక్కన 42 అడుగులు, పక్కన ఆవరణలో మలుపు తిప్పి కట్టుకోవడానికి బోలెడు చోటుంది. ఆ చోటు చూస్తూ నిలబడ్డాను. 1998లో మూడు చక్రాల బండి మీద వచ్చే ఒకాయన ఆ ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నాడు. తాను మెట్ల కింద ఎండలో కూర్చుని ఎవరో ఒకరిని బతిమాలి కాగితం లోపలికి పంపవలసి వస్తోందనీ, పక్కన వాలు కట్టించమనీ. ఆ కాగితం నా సీటుకు వచ్చింది. నేను నోటు పెట్టాను. ప్రస్తుతం నిధులు లేనందున, నిధులు లభ్యమైనప్పుడు పరిశీలించవచ్చునని. పైవారు సంతకం పెట్టారు. ఎల్.డిస్. చేశాం. ఎల్.డిస్. అంటే మీకు తెలుసు, ఏడాది తిరిగితే చించేసే కాగితం. ఎస్టిమేటు అయినా వేయించకుండా నిధులు లేవని ఎలా రాశానో నాకే తెలియదు. పై అధికారిని నేను తప్పుపట్టను. నోటు నాది.

పిల్లలతో చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అమ్మాయి ఏడు మెట్లు, 42 అంగుళాలు అని పుస్తకంలో రాసుకుని టేపు చుట్టేసింది. ఈ మధ్యనే నా సొంత పేరుతో ఆ ఆఫీసుకు అర్జీ పెట్టాను, ర్యాంపు కొలతలు వేసి, చోటు పటం గీసి. జవాబు ఇంకా రాలేదు. ఏ సీటులో ఉందో నాకు తెలుసు.

రిపోర్టు పూర్తయింది, కాలేజీలో సమర్పించారు. వ్యాను కొనడానికి డబ్బు ఎక్కడిది, డ్రైవరు జీతం ఎవరివ్వాలి అన్నవి పిల్లలు తేల్చగలిగినవి కావు, మనం కూర్చుని మాట్లాడుకోవలసినవి. కార్యవర్గం ముందు నేను పెట్టే ప్రతిపాదన చిన్నది. కొనేముందు ఆరు నెలలు అద్దె వ్యానుతో వారానికి రెండు రోజులు నడిపి చూద్దాం. లిఫ్టు లేకపోయినా మెట్టు, కమ్మీ, మడతపెట్టే పలక, విన్చి, బెల్టులు ఉండాలి. వాటి బిగింపుకు బండి యజమాని చేత అనుమతి పెట్టించాలి. ముందు రోజు ఫోను చేసి చెప్పుకున్నవారిని దారి కలిపి తీసుకువెళదాం.

దానికి ఎంతమంది ఉన్నారో లెక్క కావాలి. ఫారాలు అచ్చువేయించాం, కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. మొదటి పేజీ కంటే వెనక పేజీ ముఖ్యం. అక్కడ ఒకటే ప్రశ్న ఉంది, ఆ అమ్మాయి రాసిందే. ఇక్కడికి రాగలిగిన మీరు మీ ఫారంతోపాటు, మీ వీధిలో ఈ సమావేశానికి రాలేకపోయిన సభ్యుడి ఫారం కూడా తీసుకువెళ్ళండి. ఇంట్లో కోడలో కొడుకో జవాబు చెబుతామంటే వద్దనండి, నేను చేసిన పొరపాటు అదే. వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళనే అడిగి రాయించండి. నెలాఖరులోగా ఇస్తే లెక్క నేను కడతాను.