నీళ్లు తెచ్చిన ఇంజనీరు

ముప్పై రెండేళ్లు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. మనలాంటి ఒక ప్రభుత్వోద్యోగి సంగతి చెబుతాను.

1892లో, బ్రిటిష్ వలసగా ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియాలోని కూల్గార్డీలో బంగారం బయటపడింది. మరుసటి ఏడు కాల్గూర్లీలో. జనం ఎగబడ్డారు. మంచినీళ్లు లేవు, టైఫాయిడ్‌తో ఎందరో పోయారు. చీఫ్ ఇంజనీరు సి.వై. ఓకానర్ గారు ముండారింగ్ దగ్గర ఆనకట్ట కట్టి, ఎనిమిది పంపింగ్ స్టేషన్లతో, సుమారు 530 కిలోమీటర్ల గొట్టాల్లో రోజుకు 50 లక్షల గ్యాలన్ల నీటిని మెరకకు పంపే పథకం వేశారు. అది జరిగే పని కాదని వెక్కిరించారు, అవినీతి అంటగట్టారు. 1902 మార్చి 10న ఆయన ప్రాణం తీసుకున్నారు. 1903 జనవరి 24న కాల్గూర్లీలో నీటి పథకాన్ని ప్రారంభించారు. అది నేటికీ నీళ్లిస్తోంది.

నా సర్వీసులోనూ ఒక ఇంజనీరు గారి మీద ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. అబద్ధమని నాకు తెలుసు. లెక్కలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. అయినా భయపడి నోరు మెదపలేదు. ఆయన బదిలీ అయి వెళ్లిపోయారు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఒక్కటే చెప్పండి. తోటివారి మీద నింద పడితే, తెలిసిన నిజం వెంటనే చెప్పమనండి.